ఎసట్లో ఉప్పు

(2008 జనవరి. విజయవాడ గవర్నరుపేటలో ఒక ఫిజియోథెరపీ గది. మంచం మీద నజీమా, ముక్కులో గొట్టం. పక్కన స్టూలు మీద ఆమె భర్త హుమాయూన్, పెళ్ళిళ్ళకి బిర్యానీ వండే మనిషి. ఆమె గొంతుకి లేజరు పెడుతున్న అమ్మాయి శ్రీదుర్గ. ముగ్గురికీ ముదురు రంగు కళ్ళజోళ్ళు.)

"కళ్ళజోడు తియ్యకండి హుమాయూన్ గారూ. మిషను ఆన్‌లో ఉంది."

"ఎట్టా పెట్టుకోనమ్మా? నేనూ పెట్టుకుని, ఆవిడా పెట్టుకుంటే, ఆవిడ కళ్ళు నాకెట్టా కనపడతయ్?"

"కాసేపే కదండీ."

"మీకు కాసేపు. మాటలేని మనిషికి కళ్ళే నోరు. అవునంటే ఒకసారి మూసుద్ది, కాదంటే రెండుసార్లు. దాన్ని కూడా కప్పేశారు మీరు."

"మాట లేకపోవడమేంటండీ? మొన్న 'దుర్గ' అన్నారు నన్ను. నిన్న 'చాలు' అన్నారు."

"మీతో అంది. నాతో అనలేదు. మూడు నెలలైంది, నాతో ఒక్క ముక్క లేదు. ముప్పై ఏళ్ళు కాపురం చేసినోడికి కళ్ళు, పన్నెండు రోజుల పరిచయానికి మాట. బాగుంది."

"అలా కాదండీ. నేను వెంటపడి అనిపిస్తాను. నజీమా గారూ, తల కొంచెం అటు... ఆఁ, చాలు. ఈ పక్కన నాలుగు చోట్ల, దవడ కింద రెండు."

"కాలుద్దా?"

"పన్నెండు రోజుల నుంచీ రోజూ అదే అడుగుతున్నారు. కాలదు. కనీసం వెచ్చగా కూడా ఉండదు."

"వేడి లేకుండా ఏం ఉడుకుద్దమ్మా? వంటోణ్ణి నేను. వేడి లేని పని నాకు అర్థం కాదు. బీసెంట్ రోడ్డులో ప్లాట్‌ఫారం మీద ఇట్టాంటి ఎర్ర లైటే అమ్ముతారు పది రూపాయలకి. గోడల మీద చుక్క ఆడిస్తారు పిల్లకాయలు."

"అదీ ఇదీ ఒకటి కాదు. పక్షవాతం వల్ల ఆవిడ గొంతులో మింగే కండరాలు పట్టు తప్పాయి కదా. ఈ వెలుగు చర్మం దాటి లోపలికి వెళ్ళి వాటిని కాస్త మేల్కొలుపుతుందని... నరం కోలుకోవడానికి సాయం. అసలు పని ఆవిడ చేసే మింగుడు ఎక్సర్‌సైజులదే. ఇది పక్కన ఉండి ఒక చెయ్యి వేస్తుంది, అంతే."

"మేల్కొలుపుతుందని. 'అని' అంటున్నారు. అంటే మీకూ గట్టిగా తెలీదు."

"తెలీదండీ. కొత్త పద్ధతి. కొంతమందికి పనిచేసింది, కొంతమందికి లేదు. మొదటి రోజే చెప్పాను."

"చెప్పారు. ఆ మాట చెప్పిన మనిషి మీరొక్కరే ఈ ఊళ్ళో. మిగతావాళ్ళందరూ దేవుళ్ళే."

"ఇవాళ తొందరగా వెళ్ళాలా మీరు? పనుందా?"

"ఏం పనుంటదమ్మా? మొహర్రం నెల, మాలో పెళ్ళిళ్ళుండవు. మీకు పుష్యమాసం, మీలోనూ ఉండవు. ఊళ్ళో బిర్యానీ డేగిసాలన్నీ బోర్లించే ఉన్నయ్."

"మాఘంలో మా బాబాయి కూతురి పెళ్ళండీ, ఉయ్యూరులో. రిసెప్షన్‌కి బిర్యానీ పెట్టాలంటున్నారు. మీ పేరు చెప్పనా?"

"చూద్దాంలెండి."

"చూద్దామేంటండీ, నిజంగానే అడుగుతున్నా. మూడొందల మంది. మా బాబాయిని మీ ఇంటికి పంపిస్తాను."

"ఇంటికొద్దు."

"ఏం?"

"ఇంటికొద్దన్నా కదమ్మా. ఇప్పుడంతా కేటరింగులు. తెల్ల టోపీ, చేతులకి ప్లాస్టిక్కు తొడుగులు, గ్యాసు పొయ్యి. ఉప్పు కూడా మందుల షాపులో మాదిరి తూకం వేసి వేస్తారంట. వాళ్ళని పిలవమనండి. ఆవిడ నిద్రపోయిందా?"

"కదలట్లేదు. నిద్రపోయినట్టే ఉన్నారు."

"ఆ లైటు పెడితే చాలు, నిద్రొచ్చేసుద్ది. రోజూ చూస్తున్నా కదా."

"అయితే మెల్లిగా మాట్లాడుకుందాం. హుమాయూన్ గారూ, నిన్న తీసిన ఎక్స్‌రే వచ్చింది."

"ఆఁ."

"ఏముందని అడగరా?"

"మీరే చెప్తారుగా."

"కుడి ఊపిరితిత్తిలో కింది భాగంలో మచ్చ. రెండోసారి. డిసెంబరులో వచ్చిన చోటే."

"చలికాలం కదమ్మా. నెమ్ము చేరుద్ది."

"నెమ్ము కాదండీ అది. నోట్లోంచి కడుపులోకి పోవాల్సింది దారి తప్పి ఊపిరితిత్తిలోకి పోతే వచ్చే మచ్చ. నోట్లోంచి ఏం పోయింది?"

"ఏం పోద్ది? గొట్టంలోనే పోస్తున్నాం. రాగిజావ, పాలు, పప్పుకట్టు. వడగట్టి మరీ పోస్తున్నాం."

"నోట్లో?"

"ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపేటప్పుడే కాగితం ఇచ్చారుగా, నోటితో ఏమీ ఇవ్వకూడదని. మైదాపిండి ఉడకబెట్టి నేనే అంటించా గోడకి. మంచం ఎదురుగా. ఆవిడక్కూడా కనపడుద్ది."

"అంటించారు సరే. ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనూ, మా చెల్లెలు మెహరాజూ."

"మెహరాజ్ గారు పొరపాటున ఏమైనా...? హజ్ నీళ్ళు అలాంటివి? తప్పు పట్టడానికి కాదండీ, చాలా ఇళ్ళల్లో తీర్థం కూడా పోస్తారు."

"జంజం నీళ్ళ సీసా ఉంది. మూత కూడా తియ్యలేదు. దాని మీద ఒట్టు. మెహరాజుని అనమాకండి. అది చాకిరీ చేసి చేసి సగమైంది."

"అయితే ఎవరూ ఏమీ వెయ్యలేదు."

"లేదు."

"సరే. అలాగే రాస్తాను."

"ఏం రాస్తారు?"

"నోటితో ఏమీ ఇవ్వలేదని. సాయంత్రం డాక్టరు సార్ చూస్తారు. ఆయనకిక రెండే దార్లు. ఎవరూ ఏమీ వెయ్యకుండానే మచ్చ వచ్చిందంటే, ఆవిడ తన నోట్లో ఊరే ఉమ్మే మింగలేకపోతున్నారన్నమాట. గొంతు తిరిగి రాలేదనుకుంటారు. లేజరు ఆపేస్తారు. పొట్టకి రంధ్రం చేసి గొట్టం పెడతారు. జావ అందులోనే, మందులందులోనే."

"ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళని చెప్పలేం."

"రెండో దారి?"

"ఎవరో ఏదో వేసి ఉంటే, ఆ మచ్చ దానివల్లే అనుకుంటాం. మందులతో ఆరబెట్టి, మళ్ళీ ఇవన్నీ సాగిస్తాం. ఇటు చూడండి, నా వేళ్ళు ఎక్కడున్నాయో. వారం నుంచీ ఆవిడ మింగబోయినప్పుడల్లా ఇక్కడ ముడి పైకి లేస్తోంది. మొదటి రోజు రాయిలా ఉండేది. వస్తోందండీ ఈ గొంతు. నా చేతికి తెలుస్తోంది. కానీ సార్ చూసేది నా చెయ్యి కాదు, ఎక్స్‌రే."

"అమ్మా, ఒకటి అడగనా?"

"అడగండి."

"మా రోజాలు తెలుసుగా మీకు. ఉపవాసం. ఉమ్ము కూడా జాగ్రత్తగా మింగేంత నిష్ఠ. అయినా వంట చేసే మనిషి ఉప్పు చూడొచ్చు. నాలుక కొసన పెట్టి, ఉమ్మేస్తే రోజా విరగదు. తిన్నట్టు కాదు. పెద్దలు ఒప్పుకున్నదే."

"అయితే?"

"ఆ కాగితంలో ఇవ్వకూడదని ఉంది. చూపించడం ఇవ్వడం కాదు గదా అనుకున్నా."

"ఏం చూపించారు?"

"ఎసరు."

"ఎసరంటే?"

"బిర్యానీ ఎసరు. మాంసం, మసాలా ఉడికిన నీళ్ళు. బియ్యం పడకముందే అందులో ఉప్పు చూసుకోవాలి. బియ్యం పడ్డాక ఇంక ఎవడూ ఏమీ చెయ్యలేడు."

"ఎన్ని చుక్కలు?"

"రెండు. చెంచా కొసతో."

"హుమాయూన్ గారూ."

"చెంచాడు."

"ఒక్క చెంచానే?"

"ఒకటి. ఒక్కోసారి ఇంకోటి. ఇష్టంగా తీసుకుంటంది కదాని. గిన్నె కూడా పెట్టానమ్మా గడ్డం కింద, ఉమ్మమని. ఉమ్మలేదు. మింగింది. గుటక పడింది, నా కళ్ళతో చూశా. నాకెంత సంతోషమేసిందో! మీరు నెలల తరబడి చెయ్యాలన్న పని నా ఎసరు చేసిందనుకున్నా."

"దగ్గు రాలేదా?"

"నేనున్నంతసేపూ దగ్గలేదు."

"తర్వాత?"

"నేను బయటికెళ్ళాక దగ్గేదంట. దిండులో మొహం పెట్టుకుని. మెహరాజు మొన్న చెప్పింది."

"అయ్యో. నూనె, మసాలా కలిసిన నీళ్ళండీ అవి! ఊపిరితిత్తిలో పడితే ఏమవుతుందో... ఎందుకండీ? ఉప్పు చూడ్డానికి మీ నాలుక లేదా? ఊరంతా మీ బిర్యానీ అంటారే!"

"ఊరంతా అనేది నా చేతిని. నాలుక ఆవిడది."

"అంటే?"

"అయిదో తరగతి వదిలేసి పొయ్యి దగ్గర కూర్చున్నోణ్ణి. సలసలా కాగే ఎసరు నాలుక మీద పోసుకుని పోసుకుని, పైగా ఇన్నేళ్ళ జర్దా. ఎప్పుడో పోయింది నా నాలుక. చెప్పు అట్టకీ దానికీ తేడా లేదు. పెళ్ళైన రెండో ఏడు కనిపెట్టింది ఆవిడ. ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో పెళ్ళయితే స్టీలు గ్లాసులో ఎసరు పోసి ఆటోలో ఇంటికి పంపేవాణ్ణి. మంగళగిరి, ఉయ్యూరు అయితే వెంట తీసుకెళ్ళేవాణ్ణి. ఆడవాళ్ళలో కూర్చునేది. గ్లాసు పట్టుకెళ్తే మంచినీళ్ళు తాగినట్టు ఓ గుక్క తాగి, 'రెండు పిడికెళ్ళు' అనేది. రోజాల్లో అయితే నాలుక తడిపి ఉమ్మేసి చెప్పేది. ఏనాడూ తప్పలేదు."

"ఇప్పుడు కూడా ఆవిడే చూడాలా? ముక్కులో గొట్టంతో ఉన్న మనిషి? మీ పని కోసం ఆవిడ ప్రాణం మీదికి తెస్తారా?"

"అనండమ్మా. అనాల్సిందే."

"అనక! ఎప్పుడు మొదలుపెట్టారు ఇది?"

"బక్రీదుకి రెండు వారాల ముందు. శుక్రవారం, శుక్రవారం."

"ఆఖరుసారి?"

"మొన్న శుక్రవారం."

"మొన్న శుక్రవారమా? ఇందాక మొహర్రం అన్నారు. పెళ్ళిళ్ళే లేవన్నారు. డేగిసాలు బోర్లించి ఉన్నాయన్నారు. మరి మొన్న శుక్రవారం ఎవరి పెళ్ళికి ఎసరు?"

"ఆవిడ దుప్పటి జారిందమ్మా, సర్దుతా."

"హుమాయూన్ గారూ?"

"పని అయిపోవచ్చిందా అమ్మా?"

"ఇంకో రెండు చోట్ల ఉంది. ఎవరి పెళ్ళికి?"

"ఆవిడ నిద్రపోతందా? చూసి చెప్పండి. నాకు ఆవిడ కళ్ళు కనపడట్లేదు."

"నిద్రలోనే ఉన్నారు. చెప్పండి."

"ఎవరి పెళ్ళీ లేదు."

"లేకపోవడమేంటి?"

"నాకు ఆర్డర్లే లేవమ్మా. నవంబరు నుంచి. ఈవిడ ఆస్పత్రిలో ఉండగా మంగళగిరిలో పెళ్ళి చేశా, నాలుగొందల మందికి. ఉప్పు నేనే చూసుకున్నా. మొదటి బంతి సగంలోనే లేచిపోయింది. పెళ్ళికొడుకు తండ్రి ఓ విస్తరి తెచ్చి నా ముందు పెట్టి, 'తిను' అన్నాడు. తిన్నా. అందరూ చూస్తున్నారు. 'బాగానే ఉందిగా సాబ్' అన్నా. నవ్వారు. కొందరు తిట్టారు. కొట్టినా బాగుండేది. ఆ నవ్వు గుంటూరు దాకా పోయింది. మర్నాటి నుంచి ఒక్కడూ నా గుమ్మం తొక్కలేదు."

"ఆవిడకి తెలుసా?"

"ఎట్టా చెప్తా? శభాష్ అన్నారని చెప్పా. ఇంకో నాలుగు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నానని చెప్పా."

"మరి ఆ ఎసరు?"

"ఆస్పత్రి నుంచి వచ్చాక గోడవైపు తిరిగి పడుకుందమ్మా. ఇటు తిరగదు. గొట్టం పీక్కోడానికి చూసింది రెండుసార్లు. మెహరాజు చేతులు కట్టేసింది పాత దుపట్టాతో. కట్టేసి అది ఏడ్చింది. ఈ లేజరు సంగతి అప్పటికే విన్నా. తీసుకెళ్తానంటే కళ్ళు రెండుసార్లు మూసింది. రానని. ఎందుకూ పనికిరాని దాన్ని ఎందుకు మోసుకెళ్తావన్నట్టు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. మంగళగిరి నుంచి వచ్చాక అద్దంలో నాదీ అదే చూపు."

"ఊఁ."

"ఓ శుక్రవారం బుద్ధి పుట్టింది. కట్టెల పొయ్యి దగ్గర తొడిగే చొక్కా, ఉతికి పెట్టింది, వేసుకున్నా. 'కృష్ణలంకలో పెళ్ళి, ఎసరు తెస్తా, ఉప్పు చూడాలి నువ్వు' అన్నా. బందరు కాలవ గట్టున మా నవాజ్ టీకొట్టుంది. కిరసనాయిలు స్టవ్ మీద చిన్న గిన్నెతో, పావు కేజీ మాంసం వేసి ఎసరు పెట్టించా. పెళ్ళి డేగిసాలోంచి తీసినట్టు గ్లాసులో పోసుకుని ఇంటికెళ్ళా. 'బీబీ, చూడు, జనం వచ్చేస్తున్నారు, తొందరగా చెప్పాలి' అన్నా. ఇటు తిరిగిందమ్మా! పదహారు రోజుల తర్వాత ఇటు తిరిగింది. చెంచా కొసన తీసుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు ఆలోచించి, ఒకసారి మూసి తెరిచింది. సరిపోయిందని. పరిగెత్తినట్టు బయటికొచ్చా. పెళ్ళివాళ్ళు ఎదురుచూస్తున్నట్టు."

"ఎక్కడికెళ్ళారు?"

"ఎక్కడికెళ్తా? కాలవ గట్టు మీద కూర్చున్నా. పెళ్ళి అయిపోయేంతసేపు కూర్చుని ఇంటికెళ్ళా. అందరూ మెచ్చుకున్నారని చెప్పా. అట్టా నాలుగు వారాలు. తర్వాత లేజరుకి పోదామా అంటే కళ్ళు ఒకసారి మూసింది. ఆ శుక్రవారాలే తెచ్చినయ్ ఆవిణ్ణి మీ దగ్గరికి. ఇప్పుడు చెప్పండి, తిట్టండి."

"తిట్టలేనండీ. కానీ మొహర్రం వచ్చాక కూడా...?"

"మా వాళ్ళ పెళ్ళిళ్ళు కాదు, కిరస్తానీ వాళ్ళవని చెప్పా. గుణదల వైపు శౌరయ్య గారి అమ్మాయి పెళ్ళని చెప్పా. ఆ శౌరయ్య ఎవరో నాకూ తెలీదు."

"ఇదంతా సార్‌కి చెప్పాలండీ. ఎసరు సంగతి వరకు. మిగతాది నేను రాయను."

"రాయండి. ఆ మచ్చ నేనే పెట్టానని రాయండి. లేజరు మాత్రం ఆపొద్దనండి. ఇకనుంచి చెంచా ముట్టుకోను. అసలు ముట్టుకుని ఉపయోగం కూడా లేదు."

"అదేంటి?"

"మొన్న శుక్రవారం నవాజ్ కొట్టు దగ్గర ఏదో గొడవ, హడావిడిలో ఉప్పు వెయ్యడం మర్చిపోయా. పొట్లం చొక్కా జేబులోనే ఉండిపోయింది. నాకేం తెలుస్తది, నా నాలుక సంగతి చెప్పాగా. ఇంటికెళ్ళి ఆవిడకి పెట్టా. కళ్ళు ఒకసారి మూసింది. సరిపోయిందంట! తర్వాత చొక్కా విప్పుతుంటే పొట్లం కిందపడింది. రవ్వంత కూడా తియ్యలేదు అందులోంచి."

"అయ్యో."

"ఆ నాలుక కూడా పోయిందమ్మా. గొంతు పోయింది, చెయ్యి పోయింది, మాట పోయింది. నాలుక ఒక్కటన్నా మిగిలిందనుకున్నా. ఉప్పు లేని ఎసరు సరిపోయిందంటే ఇంకేముంది? మీరీ గొంతు బాగుచేసినా ఏం తింటున్నదీ ఆవిడకి తెలీదు. అది మాత్రం చెప్పకండి ఆవిడకి. తన నాలుక మీదే పెళ్ళిళ్ళు జరుగుతున్నాయనుకుంటంది. అనుకోనివ్వండి."

"చెప్పనండీ. అదిగో, మిషను మోగింది. అయిపోయింది. ఇక కళ్ళజోడు తియ్యొచ్చు మీరు. నజీమా గారూ, మీది కూడా తీస్తున్నాను... హుమాయూన్ గారూ."

"ఏంటమ్మా?"

"ఆవిడ నిద్రపోలేదండీ. కళ్ళజోడు నిండా నీళ్ళు."

"యా అల్లా. ఎప్పట్నుంచి? ఎంత వింది? నజీమా? బీబీ, నేనేదో ఊరికే అంటన్నా..."

"ఉండండి, ఉండండి. పెదాలు కదుపుతున్నారు. నజీమా గారూ, తొందర లేదు. గాలి పీల్చుకుని చెప్పండి. ఒక్కో మాట. నాతోనా?"

"చూడండమ్మా, కళ్ళు రెండుసార్లు మూసింది. మీతో కాదంట."

"మీతోనండీ. దగ్గరికి రండి."

"చెప్పు బీబీ. ఏంటి? నేనిక్కడే ఉన్నా."

"మీ... చొక్కాకి... పొగ వాసన... లేదు. బక్రీదు... ముందు... నుంచీ. మొన్న... ఉప్పూ... లేదు."